డబ్బా మూత తీయకముందు

మార్కాపురం పలక పేరు తెలియని బడిపిల్లలు ఒకప్పుడు తెలుగునాట లేరు. ఆ పలక తయారయ్యే చోట కాపురముండే మా వంటివారికి పలకతోపాటు దాని పొడి కూడా బాగా తెలుసు. గనుల వైపు నుండి, కోత మిషన్ల వైపు నుండి వచ్చే ఆ బూడిదరంగు ధూళి కిటికీలు మూసినా ఆగదు. ఉదయం తుడిచిన బీరువా మీద సాయంత్రానికి వేలితో పేరు వ్రాయవచ్చు. ఇంట్లో కంప్యూటరు ఉన్నవారికి ఇది మరొక తంటా. ఆ డబ్బా వేడి తగ్గించుకోవడానికి ఫ్యానుతో గాలిని లోపలికి లాగుతుంది. గాలితోపాటు పొడిని కూడా లాగి, ఫ్యాను రెక్కల మీద, దాని క్రింద ఉండే అల్యూమినియం రేకుల మధ్య గడ్డకట్టిస్తుంది. ఏప్రిల్, మే నెలల ఎండ దీనికి తోడైతే, పనిలో ఉండగానే వేడెక్కి టక్కున ఆగిపోతుంది. కాబట్టి మా వైపు డెస్క్‌టాప్ ఉన్న ప్రతివారూ ఏడాదికి రెండు మూడుసార్లయినా దాని మూత విప్పక తప్పదు.

ప్రతిసారీ మెకానిక్ దగ్గరకు తీసుకొని వెళ్ళడమంటే అది ఒక ప్రయాణం. మార్కాపురం నుండి ఒంగోలు నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, గిద్దలూరు వారికి ఇంకా దూరం. గుంటూరు వెళ్ళే రైలులో బెర్తు మీద దుప్పటి చుట్టిన సీపీయూ డబ్బాను పసిబిడ్డలాగ ప్రక్కన పెట్టుకొని కూర్చున్న మనిషిని మేము చూశాము. ఇప్పుడు ఊళ్ళలో మెకానిక్కులు వచ్చారు, నిజమే. అయినా దుమ్ము దులపడానికి, ర్యామ్ ముక్క తీసి తుడిచి పెట్టడానికి మనమే పూనుకొంటాము. అందులో తప్పేమీ లేదు, స్క్రూడ్రైవరు పట్టుకోగలిగిన ఎవరైనా చేయగల పనే. అయితే మూత తీయకముందు కరెంటు తీయడమనే పని ఒకటి ఉన్నది. స్విచ్ కట్టేసినంత మాత్రాన ఆ పని అయిపోదన్న సంగతిని చదువరులకు మనవి చేయాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా ఇంటికి కంప్యూటరు 2006లో వచ్చింది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఒక బంధువు చేత పాతది కొనిపించి బస్సులో తెచ్చుకొన్నాము. 2011 వేసవిలో మా చిన్నమ్మాయి దాన్ని శుభ్రం చేస్తానని కూర్చుంది. షట్‌డౌన్ చేసింది, గోడ మీది స్విచ్ కట్టేసింది, వెనుక స్క్రూ విప్పబోయి చెయ్యి వెనక్కు తీసుకొంది. “డబ్బా జివ్వుమంటోందమ్మా” అన్నది. పెద్ద షాక్ కాదు, చీమలు ప్రాకినట్లు ఉందట. మేమిద్దరమూ ముట్టుకొని చూశాము, అలాగే ఉన్నది. స్విచ్ చూస్తే కట్టేసే ఉన్నది!

ఆ రోజు మా ఇంట్లో ఇంటి ఆడపడుచు తమ్ముడు, పిల్లలకు మామయ్య, ఉండడం మంచిదయింది. ఆయన విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా ముప్పై ఏళ్ళు చేసినవాడు. జేబులో టెస్టర్ లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడు. డబ్బా రేకుకు టెస్టర్ ఆనించగానే లోపలి దీపం మసకగా ఎర్రగా వెలిగింది. “అక్కా, ముందు ఎవ్వరూ దీన్ని ముట్టుకోవద్దు” అని, తిన్నగా గోడ దగ్గరకు వెళ్ళి ప్లగ్ ఊడబెరికాడు. వెలుగు ఆరిపోయింది. అప్పుడు ఇంటి మెయిన్ దించి, స్విచ్ బోర్డు విప్పి చూపించాడు. అందులో రెండు దోషాలు ఉన్నాయి. ఇల్లు కట్టినప్పుడు వైరింగు చేసినవారెవరో గానీ, స్విచ్‌ను ఫేజ్ తీగకు బదులు న్యూట్రల్ తీగకు బిగించారు. అంటే స్విచ్ కట్టేస్తే యంత్రం ఆగుతుంది గానీ ఫేజ్, అనగా మనిషిని కొట్టే తీగ, యంత్రం దాకా వచ్చి కూర్చొనే ఉంటుంది. రెండవది, సాకెట్ పై భాగంలో ఉండే పెద్ద రంధ్రానికి వెనుక తీగే లేదు. అది ఎర్త్ రంధ్రం. మా ఇంట్లో అది అలంకారానికి మాత్రమే ఉన్నది.

ఆ జివ్వుమనడం ఎందుకో కూడా తెలుసుకోవలసిన విషయమే. ఇండ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. కంప్యూటరు పనిచేసేది 12, 5, 3.3 వోల్టుల మీద. ఈ మార్పు చేసే ఇనుప డబ్బాను ఎస్‌ఎంపీఎస్ అంటారు. అది చేసే విద్యుత్ గోల బయటకు పోకుండా దాని ముఖద్వారంలో ఫిల్టరు ఒకటి ఉంటుంది. ఆ ఫిల్టరులోని చిన్న కెపాసిటర్లు రెండు తీగల నుండి రేకు డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా జారే పిసరంత కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే పోవడానికి దారి లేక డబ్బా మీదనే నిలుస్తుంది, మన వేలు తగిలితే మన గుండా పోతుంది. ఆ కాస్త కరెంటు ప్రాణం తీసేది కాదు. కాని అది “నాకు ఎర్త్ లేదు” అని డబ్బా చెప్పే మాట. రేపు లోపల ఏ తీగ పైతొడుగో కరిగి రేకుకు తగిలిన రోజున అదే రేకు మీద 230 వోల్టులూ నిలుస్తాయి. మా ప్రాంతంలో చాలామంది, “కంప్యూటరన్న తర్వాత కొంచెం షాక్ ఉంటుందిలే” అని చెప్పులు వేసుకొని పని చేసుకొంటారు. ఆ మాట మాకు నచ్చదు.

ఎర్త్ విషయంలో పశ్చిమ ప్రకాశానిది ప్రత్యేకమైన కష్టం. బోరు వందల అడుగులు దించినా తడి తగలని చోట్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఎండిన రాతినేలలో కడ్డీ పాతితే కరెంటు దిగదు. మామయ్య పెరట్లో, స్నానాల నీళ్ళు పోయే చోటు చూసి గుంట తవ్వించాడు. నాలుగడుగులకే పలకరాయి తగిలితే గునపంతో పొరలు లేపవలసి వచ్చింది. పైపు నిలిపి చుట్టూ బొగ్గు, ఉప్పు వరుసలుగా పోయించాడు. వేసవిలో వారానికి రెండు బిందెల నీళ్ళు దానికి పోస్తున్నాము. కూరపాదులకు పోసినా కాయలు కాసేవి గదా అని మొదట్లో గొణుక్కొన్న మాట నిజమే. ఇక్కడే మరో సంగతి గుర్తుకు వస్తున్నది. విద్యుత్తు వచ్చిన తొలి రోజుల్లో, ప్లాస్టిక్ ఇంకా రాకమునుపు, పెద్ద పెద్ద స్విచ్ బోర్డులను పలకరాయి బిళ్ళల మీదే బిగించేవారట, అది కరెంటును ప్రసరింపనీయదు గనుక. లోహపు చారలు లేని రాయిని ఏరి వాడేవారు. మన ఊరి రాయికి బడిపిల్లల చేతికే గాక అటువంటి ఉద్యోగం కూడా తగునని తెలిసి సంతోషించాము.

ఆ సాయంత్రం మామయ్య మా అమ్మాయిని కూర్చోబెట్టి ఎల్.సి. గురించి చెప్పాడు. లైన్ క్లియర్ అన్నమాట. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్ నుండి ఎల్.సి. తీసుకోవాలి. అక్కడి ఆపరేటరు ఆ లైనుకు కరెంటు తీసి, రిజిస్టరులో వ్రాసి, సరేనంటాడు. అంతటితో ఎక్కకూడదు. ఈ చివర తన స్విచ్ కూడా తెరచి తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే వేసుకోవాలి. తర్వాత లైనులో కరెంటు లేదని చూసుకోవాలి. ఆ తర్వాత ఎర్త్ రాడ్డు తగిలించి, మిగిలినదేమైనా ఉంటే నేలలోకి దించాలి. పని అయి మనిషి దిగి ఎల్.సి. తిరిగి ఇచ్చేదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వరాదు. “కరెంటు పోయింది వేరు, నేను తీశాను వేరమ్మా” అన్నాడాయన. తనతో పనిచేసిన ఇద్దరిని ఆయన పోగొట్టుకొన్నాడు. అందులో ఒకరు ఎల్.సి. తీసుకొనే ఎక్కారు. ఎవరిదో జనరేటరు నుండి కరెంటు వెనక్కు నడచి లైనులోకి వచ్చింది. ఆ మాట చెప్పి ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. మా అమ్మాయి కూడా అడగలేదు.

ఆ ఎల్.సి. పద్ధతినే మేము మా బల్ల మీది డబ్బాకు వర్తింపజేసుకొన్నాము. పెద్ద లైనుకు ఉన్నవన్నీ చిన్న రూపంలో దీనిలోనూ ఉన్నాయి.

ముందు బటన్ సంగతి. పాతకాలపు కంప్యూటర్లలో ముందు భాగాన ఉండే స్విచ్ నిజమైన స్విచ్. 230 వోల్టుల తీగలు ఆ స్విచ్ దాకా వచ్చేవి, కడితే యంత్రం నిజంగా చచ్చేది. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. ఈనాటి డెస్క్‌టాపులలో చాలావరకు ఆ వంశానివే. వీటిలో ముందున్న బటన్ కరెంటును తెంచదు, “ఆగు” అని మదర్‌బోర్డుకు కబురు మాత్రమే పంపుతుంది. నాలుగు సెకన్లకు పైగా అదిమి పట్టినా జరిగేది బలవంతపు ఆపుదలే. ప్లగ్ గోడకు ఉండి స్విచ్ వేసి ఉన్నంత సేపూ, షట్‌డౌన్ చేసినప్పటికీ, మదర్‌బోర్డుకు 5 వోల్టుల కాపలా కరెంటు అందుతూనే ఉంటుంది. ఆ బటన్ నొక్కితే మేలుకోవడానికే ఈ ఏర్పాటు. మూత తీస్తే కొన్ని బోర్డుల మీద చిన్న దీపం వెలుగుతూ కనబడుతుంది, అదే దాని సాక్ష్యం. ఇక స్లీప్‌లో పెట్టిన కంప్యూటరయితే ర్యామ్‌కు కూడా కరెంటు నడుస్తూనే ఉంటుంది. ఆ స్థితిలో ర్యామ్ లాగితే ముక్కా పోవచ్చు, బోర్డూ పోవచ్చు. 5 వోల్టులు మనిషిని ఏమీ చేయవు, యంత్రాన్ని మాత్రం చేస్తాయి.

గిద్దలూరులో మాకు తెలిసిన ఒక ఇంటర్నెట్ షాపులో జరిగినదిదే. పనికి కుదిరిన కుర్రవాడు గోడ స్విచ్ కట్టేసి మూత తీశాడు. కంప్యూటరు ఉన్నది యూపీఎస్ మీద. గోడ నుండి కరెంటు ఆగగానే యూపీఎస్ తన పని తాను మొదలుపెట్టి కీచు కీచుమని అరిచింది. ఆ షాపులో రోజంతా ఆ అరుపే గనుక ఎవరూ పట్టించుకోలేదు. స్క్రూ ఒకటి జారి బోర్డు మీద పడింది, చిన్న మెరుపు మెరిసింది, బోర్డు పోయింది. అబ్బాయికి ఏమీ కాలేదు. కాని అతడు ఆ తర్వాత చేయబోయినది ఎస్‌ఎంపీఎస్ విప్పడమని విన్నప్పుడు మా గుండె జారిపోయింది.

2012, 2013 సంవత్సరాలలో ఉమ్మడి రాష్ట్రంలో గంటల తరబడి కోతలు పడ్డప్పుడు మా వైపు ఇంటింటికీ యూపీఎస్సో ఇన్వర్టరో వచ్చింది. అవి ఇప్పటికీ ఉన్నాయి. యూపీఎస్ లోపలి బ్యాటరీ చూడడానికి 12 వోల్టులదే. దానిలో నుండి తీసి బయటకిచ్చేది మాత్రం గోడలో ఉన్నంత కరెంటే. లైన్‌మన్‌ను చంపిన ఆ జనరేటరుకు ఇది తమ్ముడు. ఇన్వర్టరు ఉన్న ఇండ్లలో మీటరు దగ్గర మెయిన్ దించినా కొన్ని సాకెట్లలో కరెంటు నిలిచే ఉంటుంది. కాబట్టి యూపీఎస్‌ను దాని బటన్‌తో ఆపి, కంప్యూటరు తీగను యూపీఎస్ నుండి కూడా పీకాలి. అంతకంటే సులువు, డబ్బా వెనుక గుచ్చి ఉండే నల్ల తీగనే లాగివేయడం. దాని రెండవ కొస ఎక్కడ ఉన్నా ఇక బాధ లేదు.

కోత వేళల్లో ఇంకొకటి జరుగుతుంది. కరెంటు పోయింది, చేయడానికి పనేమీ లేదు, ఈలోగా దుమ్ము దులుపుదామని మూత తీస్తారు. ప్లగ్ గోడకే ఉంటుంది. చెయ్యి లోపల ఉండగా కరెంటు వస్తుంది. మామయ్య చెప్పిన “పోయింది వేరు, తీశాను వేరు” అన్న మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

మా ఇంటి ఆచారం చెబుతాము. షట్‌డౌన్ చేసి తెర నల్లబడేదాకా ఆగుతాము. గోడ స్విచ్ కట్టేసి ప్లగ్ పీకుతాము. ఆ ప్లగ్‌ను క్రింద వదలకుండా బల్ల మీద, డబ్బా ప్రక్కన, పని చేసేవారి కళ్ళ ముందు పెడతాము. అది మా తాళంచెవి. అది కనబడుతున్నంత సేపూ, ఇంట్లో ఎవరు ఏ స్విచ్ వేసినా భయం లేదు. తర్వాత తెర తీగ, ప్రింటరు తీగ, నెట్ తీగ తీసివేస్తాము, వాటి రెండవ కొసన ఉన్నవి వేరే ప్లగ్గుల మీద బ్రతుకుతుంటాయి గనుక. ల్యాండ్‌లైన్ ఫోను తీగ నేరుగా కంప్యూటరులో గుచ్చుకొన్న రోజుల్లో, ఫోను మోగితే ఆ సన్నతీగలోనే 70, 80 వోల్టులు వచ్చేవి. అన్నీ తీశాక ముందున్న బటన్‌ను పది సెకన్లు అదిమి పడతాము. లోపలి కెపాసిటర్లలో మిగిలినది ఖర్చవుతుంది. ఒక్కొక్కసారి ఫ్యాను చిన్నగా కదిలి ఆగుతుంది, బోర్డు మీది దీపం మిణుకుమని ఆరుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు, ప్లగ్ చేతిలో ఉండగా ఫ్యాను కదలడమేమిటని మేము ఆశ్చర్యపోయాము.

ఇంత చేసినా ముట్టకూడనిది ఒకటి ఉన్నది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పవద్దు. దానిలోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడి నిలువ ఉంటుంది. మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోవాలి. దింపే భాగం చెడితే చాలాసేపు అలాగే ఉంటుంది. బయటి జాలీ నుండి బ్రష్‌తో దులపండి, చాలు. చెడిపోతే మొత్తం మార్చివేయండి. ఇక మూలగదుల్లో ఇంకా పడి ఉన్న పాత లావుపాటి గాజు మానిటర్ల సంగతి చెప్పనక్కరలేదు. వాటి లోపల 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. ఆపిన తర్వాత కూడా కొంత నిలుస్తుంది. వాటిని తెరవడం ఇంటివారి పని కాదు.

కొన్ని ఇంగ్లీషు పుస్తకాలలో ప్లగ్ గోడకే ఉంచి స్విచ్ మాత్రం కట్టేయమని వ్రాస్తారు. ఒంట్లోని స్థిర విద్యుత్తు ఎర్త్ తీగ గుండా పోవాలని వారి ఉద్దేశం. స్విచ్ సరైన తీగ మీద ఉండి, ఎర్త్ నమ్మదగినదైన దేశంలో అది మంచి సలహాయే. మూడో రంధ్రం వెనుక తీగ ఉందో లేదో తెలియని మన ఇండ్లలో దాన్ని పాటించవద్దని మా అభిప్రాయం. స్థిర విద్యుత్తు ఉన్న మాట నిజం. మా ఎండు గాలిలో నైలాను చీరతో ప్లాస్టిక్ కుర్చీలో నుండి లేస్తే వేల వోల్టులు ఒంటికి పట్టుతాయి, మనకు తెలియదు గానీ చిప్‌లకు తెలుస్తుంది. దానికి ఎర్తే కావాలని లేదు. ప్లగ్ పీకిన డబ్బా రంగు లేని ఇనుప భాగాన్ని ఒక చేత్తో ముట్టుకొంటే మనమూ డబ్బా సమానమవుతాము. పని మధ్యలో లేచి వచ్చినప్పుడల్లా మళ్ళీ ముట్టుకోవాలి. నూలు బట్ట కట్టుకొని, గాజులు, ఉంగరాలు తీసి, బండల నేల మీద కూర్చొంటే ఇంకా మంచిది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరువవద్దు. పలక పొడి కంప్యూటరుకు ఎంత చెరుపో ఊపిరితిత్తులకు అంతకంటే ఎక్కువ.

2019లో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు డెస్క్‌టాపులు, యూపీఎస్సులు పల్లెల్లోకి కూడా వచ్చాయి. స్కూళ్ళలో, జిరాక్సు షాపులలో, డీటీపీ చేసేవారి దగ్గర సరేసరి. విప్పి చూడాలన్న ఉబలాటం పిల్లలకు ఉంటుంది, ఉండనివ్వండి. మా అమ్మాయి చేత ఆ రోజు స్క్రూడ్రైవరు మేము లాక్కోలేదు. మామయ్య కూడా లాక్కోమనలేదు. సాకెట్ సరిచేసి, మరునాడు ఉదయం ప్లగ్ ఆమె చేతే పీకించి, బల్ల మీద పెట్టించి, టెస్టర్ ఆమె చేతికే ఇచ్చాడు. అల్యూమినియం రేకుల మధ్య నుండి దూదిపరుపులాగ లేచి వచ్చింది బూడిదరంగు పొర, గుప్పెడు ఉంటుంది. ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకొని బ్రష్‌తో దులిపింది.

బిగించేటప్పుడు వరుస తిరగవేయడమే. లోపల స్క్రూ ఏదీ మిగలలేదని చూసి మూత వేసి, తెర తీగ, మిగతా తీగలు గుచ్చి, కరెంటు తీగను అన్నిటికంటే చివర పెడతాము, అప్పుడే గోడ స్విచ్ వేస్తాము. త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఉండడం గమనించే ఉంటారు. గుచ్చేటప్పుడు అది అందరికంటే ముందు తగిలి, పీకేటప్పుడు అందరికంటే వెనుక విడిపోవడానికే అలా చేశారు. దాన్ని విరిచి రెండు రంధ్రాల సాకెట్‌లో దూర్చేవారు మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మామయ్య వచ్చినప్పుడల్లా వాళ్ళ ఇండ్లకు వెళ్ళి కొత్త ప్లగ్ వేసి వస్తాడు, డబ్బులు కూడా తీసుకోడు.